మాక్రో లెన్స్ కొనే ముందు లైటు సంగతి చూడండి: 55-250 లెన్స్, పోపుల డబ్బా, పెరటి కరివేపాకు

మీ ప్రశ్న సారాంశం ఇది. చేతిలో కెనాన్ 1500డి, దాంతో వచ్చిన 18-55, 55-250 లెన్సులు ఉన్నాయి. తిరుపతిలో అద్దె ఇల్లు, బాల్కనీలో నాలుగు కుండీలు. వంటింటి వస్తువులు, పూలు, పురుగులు బాగా దగ్గరగా తీయాలనుంది కానీ తీసినవన్నీ మసకగా వస్తున్నాయి. పది వేలలోపు మాక్రో లెన్స్ ఏదైనా ఉందా అని అడిగారు.

ఆ డబ్బుతో మాక్రో లెన్స్ కొనకండి. వస్తువును పెద్దదిగా చూపించడం ఈ పనిలో చౌకగా అయిపోయే భాగం. మీ దగ్గరున్న 55-250కే ఆ సత్తా ఉంది. మసక పోవాలంటే ఖర్చు పెట్టాల్సింది, తల బద్దలు కొట్టుకోవాల్సింది లైటు మీద. ఎనభై వేల లెన్స్ పెట్టినా ట్యూబ్‌లైటు కింద చేత్తో పట్టుకుని చీమను తీస్తే ఇప్పుడొస్తున్న ఫోటోనే వస్తుంది.

ముందు మీ మసక ఏ రకమో తేల్చుకోండి. ఫోటోను కంప్యూటర్లో నూరు శాతానికి పెంచి చూడండి. ఎక్కడో ఒకచోట సన్నటి గీతలాగైనా స్పష్టంగా ఉండి, దాని ముందూ వెనకా కరిగిపోయినట్టుంటే అది లోతు (స్పష్టంగా ఉండే మందం) చాలకపోవడం. ఎక్కడా స్పష్టత లేకుండా, మెరిసే చుక్కలన్నీ ఒకే వైపుకి సాగినట్టుంటే చెయ్యో, గాలో కదిపింది. ఫ్రేమంతా సమానంగా, పలచటి తెర కప్పినట్టు మెత్తగా ఉంటే అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) మరీ చిన్నది చేశారు, లేదంటే లెన్స్ మీద వేలిముద్ర ఉంది. మూడింటికీ మందులు వేరు. లోతు కోసమని ఎఫ్/32 (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టి మెత్తదనం కొనితెచ్చుకోవడం, వెలుతురు చాలక షట్టర్ తగ్గించి కదలిక తెచ్చుకోవడం అందరూ చేసేవే.

తర్వాత ఒక ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. మీ కెమెరా సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. ఫ్రేములో అడ్డంగా స్కేలు మీద 22 మి.మీ. పట్టిందంటే మీరు 1:1 దగ్గర, అంటే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడే చోట ఉన్నారు. 11 మి.మీ. పడితే 2:1, అంటే రెట్టింపు సైజు. డబ్బా మీద ఏం రాసి ఉన్నా ఈ కొలతే నమ్మండి. రోజూ వాడే మాక్రో పనికి ఇంతకు మించి అక్కర్లేదు. ఆరుద్ర పురుగుకీ, యాలక్కాయకీ, బంతిపూల రేకలకీ 1:1 సరిపోతుంది. గసగసాలకీ, చీమ ముఖానికీ 2:1 కావాలి.

అక్కడికి చేరే దారుల్లో మీకు సరిపోయేది రేనాక్స్ డీసీఆర్-250. చిన్న భూతద్దం లాంటి ముక్క, క్లిప్పులాగా లెన్స్ ముందు తగిలించాలి. 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ సైజున్న లెన్సులకి పట్టుకుంటుంది, మీ 55-250ది 58 మి.మీ. దీని శక్తి 8 డయాప్టర్లు. అంటే లెన్స్ ఫోకస్ అనంతం (అన్నిటికంటే దూరం) దగ్గరున్నప్పుడు వస్తువు 12.5 సెం.మీ. దూరంలో ఉండాలి. జూమ్ ఎంత తిప్పినా ఆ దూరం మారదు, ఫ్రేములో సైజు మాత్రమే మారుతుంది. 125 మి.మీ. దగ్గర 1:1, 250 దగ్గర 2:1, వెనక్కి 55కి తెస్తే దాదాపు సగం సైజు. పురుగు ముందు కూర్చుని లెన్స్ మార్చుకునే పని లేకుండా ఇంత పరిధి ఇంకే చౌక సామాను ఇవ్వదు. ప్లస్ 1, ప్లస్ 2, ప్లస్ 4, ప్లస్ 10 అని సెట్టుగా వచ్చే ఒంటిగాజు క్లోజప్ ఫిల్టర్లు ఇంకా చవక. కానీ ప్లస్ 10 అంచుల్లో ఊదా, పచ్చ గీతలు తెస్తుంది. వాటి జోలికి వెళ్లకండి.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య పెట్టే, గాజు లేని గొట్టాలు) మీ 55-250కి పెద్దగా పనికిరావు. ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీదుండే మి.మీ. అంకె) భాగిస్తే అదనంగా వచ్చే సైజు తెలుస్తుంది. 36 మి.మీ. ట్యూబు 250 దగ్గర ఇచ్చేది 0.14 మాత్రమే. అదే 50 మి.మీ. లెన్స్ వెనక 12, 20, 36 మూడూ కలిపి 68 మి.మీ. వేస్తే అదనంగా 1.36 వస్తుంది. అందుకే ట్యూబులు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ ఉన్నవాళ్ల సామాను. 18-55ని 18 దగ్గర పెట్టి ట్యూబు తగిలిస్తే ఫోకస్ పడే చోటు ముందు గాజు లోపలికి వెళ్లిపోతుంది, ఎంత దగ్గరికి జరిగినా ఏమీ కనిపించదు. ట్యూబు పాడైందని తిప్పి పంపేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

నిజంగా చేతిలో డబ్బు లేకపోతే 58 మి.మీ. రివర్స్ రింగ్ కొనండి, వందల్లో అయిపోతుంది. 18-55ని తిరగేసి తగిలిస్తే జూమ్ కూడా తలకిందులవుతుంది: 55 వైపు తక్కువ సైజు, 18 వైపు విపరీతమైన సైజు. దీనికి రెండు చిక్కులున్నాయి. వస్తువు లెన్స్‌కి నాలుగైదు సెం.మీ. దూరంలోనే ఉండాలి కాబట్టి పురుగు పారిపోతుంది, లైటు దూరదు. రెండోది, లెన్స్‌కి కెమెరాతో కరెంటు సంబంధం తెగుతుంది, అపర్చర్ పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది. దానికో ఉపాయం ఉంది. లెన్స్ మామూలుగా తగిలించి ఉండగా ఎఫ్/8 పెట్టండి. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ (అపర్చర్‌ను ముందే మూసి చూపించే బటన్) నొక్కి పట్టుకుని, కెమెరా ఆన్‌లో ఉండగానే లెన్స్ విప్పేయండి. అపర్చర్ రేకులు ఎఫ్/8 దగ్గరే ఆగిపోతాయి. 1500డికి ఆ బటన్ విడిగా ఉండదు, మెనూలోని కస్టమ్ ఫంక్షన్లలోకి వెళ్లి సెట్ బటన్‌కి ఆ పని అప్పగించాలి.

ఇప్పుడు లోతు. 1:1 దగ్గర ట్యూబులతోనో, అసలు మాక్రో లెన్స్‌తోనో ఎఫ్/8 పెడితే సెన్సర్ దాకా చేరేసరికి అది ఎఫ్/16 పని చేస్తుంది. ఎందుకంటే అసలు విలువ మీరు పెట్టిన అంకెను ఒకటి ప్లస్ సైజుతో గుణించినంత. 2:1 దగ్గర అదే ఎఫ్/8 ఎఫ్/24 అయిపోతుంది, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మెత్తబడుతుంది. రేనాక్స్ లాంటి ముందు గాజుతో ఈ లెక్క వర్తించదు. అక్కడ లెన్స్ అనంతం దగ్గరే ఉంటుంది కాబట్టి ఎఫ్/16 పెడితే ఎఫ్/16 దగ్గరే ఉంటుంది. అందుకే ట్యూబులతో ఎఫ్/8 దాటొద్దనే సలహా రేనాక్స్ వాడేవాళ్లకు పనికిరాదు. మీరు ధైర్యంగా ఎఫ్/11 నుంచి ఎఫ్/16 వాడండి.

ఏ దారిన వచ్చినా సెన్సర్ దగ్గర ఎఫ్/16 అనుకుంటే మీ కెమెరాలో స్పష్టంగా ఉండే మందం 1:1 దగ్గర సుమారు 0.64 మి.మీ., 2:1 దగ్గర 0.16 మి.మీ. అంతే. అంటే 2:1 దగ్గర మిరియపు గింజ ముందు అంచు ఫోకస్‌లో ఉంటే దాని నడుము మసకే. ఇది మీ తప్పూ కాదు, లెన్స్ తప్పూ కాదు. దీన్ని ఒప్పుకుని ముందుకెళ్లడానికి రెండు మార్గాలు. వస్తువులోని ముఖ్యమైన భాగాన్ని సెన్సర్‌కి సమాంతరంగా తిప్పుకోవడం ఒకటి, చాలా ఫ్రేములు తీసి కలుపుకోవడం ఇంకొకటి. మొదటిది ఉచితం, ఎవరూ పట్టించుకోరు. సీతాకోకచిలుక రెక్కలు ముడిచి కూర్చుంటే పక్క నుంచి, రెక్కకు ఎదురుగా సరిగ్గా సమాంతరంగా నిలబడితే ఒక్క ఫ్రేములో రెక్కంతా వస్తుంది. పది డిగ్రీలు వంకరైతే సగం పోతుంది.

లైటు దగ్గర కాసేపు ఆగుదాం, అసలు విషయం ఇక్కడే ఉంది. ఎఫ్/16, ఐఎస్‌ఓ (సెన్సర్ వెలుతురును ఎంతగా పట్టుకోవాలో చెప్పే సెట్టింగు) 200 దగ్గర ఇంట్లో వెలుతురు దేనికీ చాలదు. ఫ్లాష్ కావాల్సింది వెలుతురు కోసమే కాదు, దాని మెరుపు ఎంత తక్కువ సేపు ఉంటుందో అందుకోసం కూడా. మామూలు స్పీడ్‌లైటును (కెమెరా మీద తగిలించే ఫ్లాష్) 1/16, 1/32 పవర్‌కి తగ్గిస్తే మెరుపు సెకనులో వేల వంతు మాత్రమే ఉంటుంది. మీ చెయ్యి వణికినా, ఆకు ఊగినా అది ఆపేస్తుంది. కెమెరా ఎం (మాన్యువల్) మోడ్‌లో షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్‌ఓ 200తో మొదలుపెట్టండి. 1/200 మీ కెమెరా ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం, దాటితే ఫ్రేములో ఒక పక్క నల్లటి పట్టీ వస్తుంది. ఫ్లాష్ పవర్ 1/8 దగ్గర మొదలుపెట్టి, ఫోటో చూసి పెంచుకోవడమో తగ్గించుకోవడమో చేయండి.

కొనే ముందు ఒక హెచ్చరిక. మీ కెమెరా పైనున్న హాట్ షూ (ఫ్లాష్ తగిలించే గాడి) మధ్యలో గుండ్రటి మెటల్ పిన్ ఉందో లేదో చూడండి. కెనాన్ ఈమధ్య చౌక బాడీల్లో దాన్ని తీసేసింది. అది లేకపోతే ఒకే పిన్ ఉండే చవక మాన్యువల్ ఫ్లాష్ అసలు వెలగదు. కెనాన్ ఈ-టీటీఎల్‌తో (కెమెరా తానే ఫ్లాష్‌ను నడిపే పద్ధతి) మాట్లాడే ఫ్లాషే తీసుకోవాలి. ఆన్‌లైన్లో ఆర్డరిచ్చి, వెలగడం లేదని తిప్పి పంపే శ్రమ తప్పుతుంది. బడ్జెట్ రేనాక్స్‌తోనే అయిపోతే కెమెరాలోంచి లేచే ఫ్లాష్‌తోనే మొదలుపెట్టొచ్చు, కింద చెప్పిన డిఫ్యూజర్ (ఫ్లాష్ వెలుతురును మెత్తబరిచే పొర) దానికీ సరిపోతుంది.

డిఫ్యూజర్ బజార్లో కొనొద్దు. గాంధీ రోడ్డులో ఏ స్టేషనరీ షాపులోనైనా పాలరంగు ప్లాస్టిక్ ఫైలు కవరు, రెండు ట్రేసింగ్ షీట్లు తీసుకోండి. ఫైలు కవరు విప్పి ఏ4 సైజు షీటు చేసుకుని, ఒక పొట్టి అంచుకి దగ్గరగా లెన్స్ ముందు భాగం బిగుతుగా పట్టేంత గుండ్రటి రంధ్రం కోయండి. లెన్స్‌కి తొడిగాక మిగతా షీటు లెన్స్ పైనుంచి ముందుకు వంగి, వస్తువు మీద చూరులాగా నిలవాలి. నిలవకపోతే కొబ్బరి చీపురు పుల్లలు రెండు అంచుల వెంట టేపుతో అంటించండి. ఇది రెండో పొర. మొదటి పొర ట్రేసింగ్ పేపర్, అది ఫ్లాష్ తల దగ్గర ఉండాలి. రెండింటి మధ్య కనీసం ఐదారు సెం.మీ. ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా రెండు పొరలూ అతికిస్తే వెలుతురు తగ్గుతుంది తప్ప మెత్తబడదు, నడుమ భగ్గుమనే చుక్క అలాగే ఉంటుంది.

బాగా కుదిరిందో లేదో చూడటానికి ఒక స్టీలు గరిటె వెనుక వైపు తీయండి. గరిటె మీద మీ లైటు ప్రతిబింబం అచ్చంగా కనిపిస్తుంది. అంచులు క్రమంగా పలచబడే ఒకే వెడల్పాటి తెల్లటి మచ్చ కనిపిస్తే మీ డిఫ్యూజర్ పాసైనట్టే. నడుమ పదునైన చిన్న తెల్ల చుక్క కనిపిస్తే పొరల మధ్య దూరం పెంచండి. చీమ వీపు మీద, పెంకు పురుగు మీద, ఇత్తడి కుంది మీద రేపు కనిపించబోయేది ఇదే మచ్చ. ఫైలు ప్లాస్టిక్ కొంచెం పసుపు రంగు పులుముతుంది కాబట్టి అదే లైటులో తెల్ల కాగితం ఒకటి తీసి వైట్ బ్యాలెన్స్ దాన్నిబట్టి సరిచేసుకోండి.

ఫ్లాష్ వాడితే వెనక అంతా నల్లగా వస్తోందని అందరూ విసుక్కుంటారు. దగ్గరున్న వస్తువుకి సరిపోయే మెరుపు అర మీటరు వెనకున్న గోడ దాకా చేరేసరికి నీరసిస్తుంది. వస్తువుకి ఐదు నుంచి పది సెం.మీ. వెనక ఏదైనా ఆకు, రంగు కాగితం పెట్టండి, అదే మెరుపు దాన్నీ వెలిగిస్తుంది. తమలపాకు దీనికి చక్కగా పనికొస్తుంది, ఆ లేత పచ్చదనం దేని వెనకైనా నప్పుతుంది.

ఇక వంటింట్లోకి వెళ్దాం. పోపుల డబ్బా ఒక్కటి చాలు, నెల రోజుల పని. గసగసాలు కంటికి నూగులాగా కనిపిస్తాయి కానీ 2:1 దగ్గర ఒక్కో గింజా మూత్రపిండం ఆకారంలో, ఒంటినిండా జల్లెడలాంటి గళ్లతో ఉంటుంది. ఆవగింజ మీద కూడా సన్నటి వల ఉంటుంది, లైటు పక్క నుంచి పడితేనే అది కనిపిస్తుంది. జీలకర్రకి నిలువు గాట్లుంటాయి, ధనియాలకి గుమ్మటంలాగా పక్కటెముకలుంటాయి. గరుకుదనం చూపించాలంటే లైటు బల్లకి ఇరవై, ముప్ఫై డిగ్రీల ఎత్తులో పక్క నుంచి రావాలి. అవతలి పక్క తెల్ల కాగితం మడిచి నిలబెట్టండి, నీడ మరీ నల్లబడదు. గింజ దొర్లకుండా కింద కొంచెం బంకమట్టి పెట్టండి. తీసే ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదడం మరచిపోకండి. 2:1 దగ్గర దుమ్ము పోగు తాడంత కనిపిస్తుంది, కంప్యూటర్లో దాన్ని చెరిపే శ్రమ తీసిన శ్రమకంటే ఎక్కువ.

నూనె చుక్కల ఫోటోలు అందరూ తీస్తారు, సగం మందికి మురికి నీళ్లలా వస్తాయి. గాజు గిన్నెలో రెండంగుళాల నీళ్లు, రెండు చెంచాల నూనె, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. నీళ్లు మరిగించి చల్లార్చినవైతే అడుగున గాలి బుడగలు పట్టవు. శనక్కాయ నూనె వేస్తే పసుపు రంగు వస్తుంది, రంగు లేని సన్‌ఫ్లవర్ నూనె మేలు. గిన్నెను రెండు స్టీలు గ్లాసుల మీదో, పుస్తకాల దొంతరల మీదో ఇరవై సెం.మీ. ఎత్తున నిలబెట్టి, కింద రంగురంగుల చీర కొంగు పరవండి. లైటు చీర మీద పడాలి, గిన్నె మీద పడకూడదు. గిన్నె మీద పడిందో, ప్రతి నూనె చుక్కలోనూ మీ బల్బే కనిపిస్తుంది. కెమెరా నీటి మట్టానికి సరిగ్గా సమాంతరంగా ఉండాలి. చుక్కలు కదులుతూనే ఉంటాయి కాబట్టి షట్టర్ 1/160కి తగ్గొద్దు. ఫ్యాన్ ఆపండి, ఈ ఒక్క మాట వినకనే సగం ఫోటోలు పోతాయి.

రంగుల కోసం అన్నిటికంటే విచిత్రమైనది పోలరైజేషన్, అంటే వెలుతురు తరంగాలు ఒకే దిశలో ఊగడం. దీనికి కావలసింది 58 మి.మీ. సీపీఎల్ (పోలరైజింగ్) ఫిల్టర్, ఎల్‌సీడీ ల్యాప్‌టాప్. తెరమీద ఖాళీ తెల్ల పేజీ తెరిచి, ఫిల్టర్‌ను తిప్పుతూ చూస్తే ఒకచోట తెర నల్లబడుతుంది, ఎందుకంటే ఎల్‌సీడీ నుంచి వచ్చే వెలుతురు ముందే పోలరైజ్ అయి ఉంటుంది. అక్కడ ఆపి, తెరకీ కెమెరాకీ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలో, ప్రొట్రాక్టరో, పారేసే ప్లాస్టిక్ చెంచానో పట్టుకోండి. నల్లటి నేపథ్యం మీద వస్తువు నిండా ఇంద్రధనుస్సు చారలు వస్తాయి. ప్లాస్టిక్‌ను అచ్చు పోసినప్పుడు లోపల మిగిలిన ఒత్తిడి ఎక్కడెక్కడ ఉందో ఆ చారలు చూపిస్తాయి. గాజు పలక మీద సెల్లో టేపు ముక్కలు అడ్డదిడ్డంగా రెండు మూడు పొరలు అంటిస్తే ఒక్కో పొర మందానికి ఒక్కో రంగు వస్తుంది. వస్తువు తెరకి పది సెం.మీ. దూరంలో ఉండాలి, దగ్గరైతే తెర పిక్సెల్ గళ్లు కనిపిస్తాయి. వెలుతురు తక్కువ కాబట్టి ట్రైపాడ్, రెండు సెకన్ల టైమర్ తప్పవు. గదిలో మిగతా లైట్లన్నీ ఆపండి.

ఇదే పద్ధతిలో నిమ్మ ఉప్పు ఇంకా బాగుంటుంది. ఒక చెంచా నిమ్మ ఉప్పు రెండు చెంచాల వేడి నీళ్లలో కరిగించి, శుభ్రంగా కడిగిన గాజు ముక్క మీద ఒక చుక్క వేసి పలచగా పులిమి, మూత పెట్టకుండా ఆరనివ్వండి. గంటల్లో పువ్వుల్లాగా, ఈకల్లాగా స్ఫటికాలు పరుచుకుంటాయి. మందంగా పోస్తే తెల్లటి గడ్డ కట్టి వెలుతురు దూరదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానల్లో గాలిలో తేమ ఎక్కువ, అప్పుడు అది ఆరకుండా పాకంలాగా జిగటగానే ఉండిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో మధ్యాహ్నం బయట ఎలాగూ పురుగు కూడా తిరగదు, ఈ పని అప్పుడు పెట్టుకోండి.

నీటి చుక్కలో పువ్వు కనిపించే ఫోటో గురించి ప్రత్యేకంగా అడిగారు. మెడికల్ షాపులో గ్లిజరిన్ కొని సగానికి సగం నీళ్లు కలపండి, చుక్క జారదు, ఆరదు. సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజితో గడ్డిపరక మీద మూడు మి.మీ. చుక్క వేలాడదీయండి. మూడు నాలుగు సెం.మీ. వెనక చామంతి పెట్టండి. చుక్కలో బొమ్మ తలకిందులుగా వస్తుంది కాబట్టి కాడ పైకి ఉండేలా పువ్వును పెట్టాలి. చాలామంది పొరపడేది ఫోకస్ దగ్గర. పువ్వు బొమ్మ చుక్క లోపల ఉండదు, చుక్క నడుము నుంచి సుమారు మూడు మి.మీ. ముందుకు, కెమెరా వైపు గాలిలో ఏర్పడుతుంది. మీకున్న లోతు అర మి.మీ. పైచిలుకు. కాబట్టి పువ్వు స్పష్టంగా ఉంటే చుక్క అంచు మసక, అంచు స్పష్టంగా ఉంటే పువ్వు మసక. ఆ రెండు చోట్లా ఫోకస్ చేసి విడివిడిగా తీసి కలుపుకోవాలి. చుక్క చిన్నదైన కొద్దీ ఈ దూరం తగ్గుతుంది.

కలంకారీ చీర ఉంటే దాన్నీ వదలకండి. శ్రీకాళహస్తి పనివాళ్లు వెదురు పుల్లకి గుడ్డ చుట్టి చేత్తో గీసే గీత 1:1 దగ్గర ఎక్కడ లావెక్కిందో, ఎక్కడ పోగుల వెంట రంగు పాకిందో తెలిసిపోతుంది. లైటు మళ్లీ పక్క నుంచే.

పురుగుల కోసం అడవికి పోనక్కర్లేదు. శేషాచలం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఎర్రచందనం మీద నిఘా ఉన్న చోట తెల్లవారుజామున టార్చీతో, నల్ల సంచితో తిరిగితే ముందు మీరు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. మీ కరివేపాకు కుండీ చాలు. లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా, మిల్లీమీటరు సైజులో, ముత్యంలా లేత పసుపు గుడ్లు వెతకండి. నిమ్మజాతి మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుకలవి. కొద్ది రోజుల్లో పొదిగి వచ్చే పిల్ల పురుగు పిట్ట రెట్టలాగా గోధుమ, తెలుపు మచ్చలతో ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చ రంగుకి మారుతుంది. ఆకు గట్టిగా కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ముల నాలుకలాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. ఆ ఫోటో కోసం పదేపదే గిల్లకండి, దానికి బాధ.

రోడ్డు పక్క జిల్లేడు ఇంకో గని. కాడల మీద పసుపు పేను గుంపులు, వాటి చుట్టూ చీమలు, పూల మీద నల్లటి తుమ్మెదలు. పాలు కంటికి తగలకుండా జాగ్రత్త, చేతులు కడిగాకే కెమెరా వ్యూఫైండర్‌లో కన్ను పెట్టండి. చీమ ఒకచోట నిలవదు కాబట్టి ఆకు మీద సూదిమొనంత బెల్లం పాకం పెట్టండి, తాగేటప్పుడు కొన్ని సెకన్లు కదలదు. పాకం ఎక్కువైతే ఫోటోలో అసహ్యంగా మెరుస్తుంది.

తూనీగల కోసం డిసెంబరు, జనవరి ఉదయాలు ఎంచుకోండి. స్వర్ణముఖి ఒడ్డునో, చెరువు గట్టునో గడ్డిపరకల మీద మంచు పట్టి, ఒళ్లు వేడెక్కక కదలకుండా ఉంటాయి. ఎండ తగిలాక పది నిమిషాల్లో ఎగిరిపోతాయి. పురుగును ఫ్రిజ్‌లో పెట్టి మందగించేలా చేసి తీసే అలవాటు కొందరికి ఉంది. అది ఫోటోలోనే తెలిసిపోతుంది: కాళ్లు ముడుచుకుని, మీసాలు వాలిపోయి ఉంటాయి. గడ్డిలో దిగితే మోకాలి దాకా బూట్లు వేసుకోండి, పాములుంటాయి.

తొలకరికి ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులొచ్చే నాలుగు రోజులూ వదులుకోకండి. ఆ మఖమలు ఎరుపు కెమెరాని మోసం చేస్తుంది. వెలుతురు సరిపోయినట్టే చూపిస్తుంది కానీ ఎరుపు చానల్ నిండిపోయి, నూగంతా పోయి ఎర్రటి ముద్ద మిగులుతుంది. రా ఫైల్లో (కెమెరా కుదించని ఫైలు) తీయండి, ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాపు (వెలుతురు సగమో రెట్టింపో అయ్యే మెట్టు) తగ్గించండి, హిస్టోగ్రాంలో (వెలుతురు చూపే గ్రాఫు) ఎరుపు గీతను విడిగా చూడండి. కెమెరా నేలకి ఆనించాలి, కిలో రాగుల సంచి కింద పెడితే ట్రైపాడ్ కంటే నయం. పిల్లలు అగ్గిపెట్టెలో ఇసుక పోసి వీటిని దాచుకుంటారు, మీరు మాత్రం మట్టి మీదే వదిలేయండి.

ఫ్రేములు కలపడం, అంటే స్టాకింగ్, కదలని వస్తువులకే. కెమెరాను యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కి కలిపి కెనాన్ ఉచితంగా ఇచ్చే ఈఓఎస్ యుటిలిటీ తెరిస్తే ఫోకస్‌ను అక్కడి బాణాలతో చిన్న చిన్న అడుగుల్లో జరపొచ్చు. చవక ఫోకసింగ్ రైలుకి (కెమెరాను ముందుకీ వెనక్కీ జరిపే పట్టా) పళ్ల మధ్య సందుంటుంది, దానికంటే ఇది చాలా మేలు. లోతులో ముప్ఫై శాతం పక్క ఫ్రేముతో కలిసేలా జరపండి. 1:1 దగ్గర 0.64లో అడుగు 0.45 మి.మీ. అవుతుంది, ఐదు మి.మీ. లోతున్న యాలక్కాయకి పదకొండు, పన్నెండు ఫ్రేములు చాలు. ఐఎస్‌ఓ, వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచొద్దు. ఎల్‌ఈడీ బల్బు కింద తీస్తే మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు సెకనుకి వందసార్లు మినుకుతుంది. షట్టర్ 1/100, 1/50, 1/25 లాంటివి పెట్టకపోతే ఫ్రేము ఫ్రేముకీ వెలుతురు మారి, కలిపిన ఫోటోలో చారలు వస్తాయి.

కలపడానికి జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ అనే సాఫ్ట్‌వేర్లు రెండూ డబ్బు కట్టేవే, నెల రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. ఫోటోషాప్‌లో ఆటో అలైన్, ఆటో బ్లెండ్ మామూలు వస్తువులకి సరిపోతుంది. పూర్తి ఉచితం కావాలంటే హగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్, ఎన్‌ఫ్యూజ్ వాడండి. ఎన్‌ఫ్యూజ్‌లో ఎక్స్‌పోజర్ వెయిట్ 0, సాచురేషన్ వెయిట్ 0, కాంట్రాస్ట్ వెయిట్ 1 ఇచ్చి హార్డ్ మాస్క్ పెట్టకపోతే మసక, స్పష్టత రెండూ సగంసగం కలిసిపోతాయి. కలిపిన ఫోటోలో అడ్డంగా మసక పట్టీ కనిపిస్తే ఒక అడుగు తప్పిపోయింది, మళ్లీ తీయాల్సిందే. వెంట్రుకల చుట్టూ దెయ్యపు వెలుగులాంటి అంచు వస్తే ఫ్రేముల తప్పు కాదు. ముందు వెంట్రుక వెనక ఆకును కప్పుతోంది, ఆ చోట ఒక్క ఫ్రేములోంచి చేత్తో తెచ్చి అతికించాలి.

కొనుగోలు వరుస ఇలా పెట్టుకోండి: ముందు ఫైలు కవరు, ట్రేసింగ్ పేపర్, తర్వాత రేనాక్స్, డబ్బు మిగిలితే ఫ్లాష్, ఆ తర్వాతే సీపీఎల్. వానాకాలంలో లెన్సులన్నీ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి. మన వైపు తేమకి గాజు లోపల ఫంగస్ సాలెగూడులాగా పాకుతుంది, ఒకసారి పట్టాక తీయించడానికి బాగా ఖర్చవుతుంది. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి తీసుకెళ్లే కెమెరాను ముడి వేసిన కవర్లోనే అరగంట ఉంచి తీయండి, లేకపోతే గాజు మీద ఆవిరి పడుతుంది. దాన్ని తుడవకండి, ఆరేదాకా ఆగండి.